నల్లరేగడి నేలలో నిదుర విద్య

"ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు" అని మన పెద్దల మాట. అలసిన దేహమునకు పట్టుపరుపు అక్కరలేదు, కటికనేలయైనను చాలునని దాని భావము. ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని అది పూర్ణసత్యము కాదని మా తలంపు. ఆకలివలెనే నిదురయు పుట్టుకతో వచ్చునదే. అయితే వేళకు పక్క చేరుట, మేను వాల్చిన కొలదిసేపటికే రెప్ప వాల్చుట, నడిరేయి మెలకువ వచ్చినను కలతపడక మరల కన్ను మూయుట, ఇవి నేర్పగా వచ్చినవి. తల్లి బిడ్డకు నేర్పినది. అవ్వ మనుమలకు నేర్పినది. దీనికి బడి లేదు, పలక లేదు, పరీక్ష లేదు. అందుచేత ఇదియొక విద్యయని కూడ మనము గుర్తింపలేదు.

మనుష్యుని ఆయుస్సులో సుమారు మూడవవంతు నిదురలో గడచును. రాజుల దండయాత్రలకు చరిత్ర గలదు, దేవాలయములకు చరిత్ర గలదు. ఆ మూడవవంతునకు చరిత్ర వ్రాసినవారు అరుదు. అమెరికా చరిత్రకారుడు రోజర్ ఎకిర్క్ 2005లో పడమటి దేశముల పూర్వపు రాత్రులను గూర్చి ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. యంత్రయుగమునకు మునుపు అచ్చటి జనులు రాత్రిని రెండు నిదురలుగా పంచుకొని, నడుమ కొంతసేపు మెలకువగా నుండెడివారని పాత పత్రములనుండి ఆయన చూపెను. మన రాత్రులకును ఒక చరిత్ర గలదు. ఆలంగుళము పరిసరములను ఆధారముగా గొని దానిని స్థూలముగా చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

ఆలంగుళమను పేరుగల ఊళ్లలో తెన్కాశి జిల్లాలోని దొకటి. మేము చెప్పునది విరుదునగర జిల్లాలోని ఆలంగుళము. అరవమున ఆల్ అనగా మఱ్ఱి, కుళమనగా చెరువు; మన మాటలో మఱ్ఱిచెరువు. రాజపాళయము, శివకాశి, సాత్తూరు, కోవిల్పట్టి పట్టణములు చుట్టుగాగల ఈ సీమలో కమ్మవారు, రెడ్లు, రాజులు, రాజకంబళ నాయకులు, దేవాంగులు, అరుంధతీయులు మున్నగు పెక్కు కులములవారు తరతరములుగా ఇంట తెలుగు పలుకుచు, వీధిలో అరవము మాటలాడుచు బ్రతుకుచున్నారు.

కావలి కాచిన రాత్రులు

త్వరగా నిదుర పట్టుటకు మొదటి సాధనము భయము లేకుండుట. నేటి వైద్యులు ఏ మాట చెప్పినను దీనిని కాదనలేరు. చెవి తలుపువైపును, మనస్సు పొలమువైపును ఉన్నంతవరకు కన్ను మూతపడదు.

మధురలో నాయకరాజ్యము వెలసిన పదునారవ శతాబ్దమునందును, ఆ తరువాతను, తెలుగు కుటుంబములు అనేకములు ఈ దక్షిణసీమకు వచ్చి స్థిరపడినవి. విశ్వనాథ నాయకుని కాలమున ఏర్పడినవని చెప్పబడు డెబ్బదిరెండు పాళెములలో తెలుగువారి పాళెములు పెక్కు. పాళెగాడు పన్ను రాబట్టుటయు, భటులను పోషించుటయు మాత్రమే గాక తన సీమకు కావలి కాయవలసినవాడు. ఊరిలో దొంగతనము జరిగినచో పోయిన సొత్తును తెచ్చియీయవలెను. లేనిచో దాని వెల చెల్లింపవలెను. ఇందులకై ఊళ్లవారు కావలి రుసుము ముట్టజెప్పెడివారు. ఈ పేరుతో జనులను పీడించిన పాళెగాండ్రును లేకపోలేదు. అయినను ఏర్పాటులోని భావము స్పష్టము: నలుగురు మేలుకొనియున్న గాని నాలుగువందలమంది నిదురింపజాలరు. నిదుర యనునది ఒంటరివాని సొత్తు కాదు, అది ఊరి సొత్తు.

1799 అక్టోబరు 16వ తేదీన ఈస్టిండియా కంపెనీవారు పాంచాలంకురిచి పాళెగాడగు వీరపాండ్య కట్టబొమ్మనను కయత్తారులో ఉరితీసిరి. ఆయన తెలుగు పలుకు రాజకంబళ నాయక వంశమువాడు. 1801 నాటికి దక్షిణ పాళెముల తిరుగుబాటు అణగిపోయినది, కోటలు కూలినవి, ఆయుధములు లాగుకొనబడినవి, పాళెగాండ్ర కావలి హక్కులు కంపెనీ చేతిలోనికి పోయినవి. ఈ మార్పును మనము రాజకీయముగా మాత్రమే చదువుకొనుచున్నాము. గుడిసెలో పండుకొన్న రైతునకు అది రాత్రి మార్పు గూడ. రాత్రికి కావలివాడెవడు అను ప్రశ్నకు అంతవరకు అతనికి తెలిసిన జవాబు ఆనాటితో మారిపోయినది.

జోలపాట నేర్పిన క్రమము

భయము తొలగినంత మాత్రమున చాలదు. నిదురకు క్రమము కావలెను. మన ఇండ్లలో ఈ క్రమము సందెదీపముతో ఆరంభమయ్యెడిది. నూనె వెలగలది గనుక దీపము చిరకాలము వెలుగుటకు వీలులేదు. చీకటి పడకమునుపే కూడు వండి, చీకటి పడగానే తిని, వాకిట నులకమంచమో చాపయో పరచుకొనెడివారు. పగలు ఎండకు కాగిన నల్లరేగడి రాత్రి చల్లబడుచుండగా వీచు గాలి వారికి విసనకఱ్ఱ. పసిబిడ్డకు దూలమునకు కట్టిన చీర ఉయ్యాల. ఉయ్యాల ఊపు, తల్లి చేతి తట్టు, జోల ఈ మూడును ఒకే లయలో సాగెడివి. దినదినము అదే వేళకు, అదే చేయి, అదే పాట. కొంతకాలమునకు పాట మొదటి మాట వినబడగానే బిడ్డ రెప్పలు బరువెక్కును. ఇదియే నేర్పు. బిడ్డ పాటను నేర్చుటకు మునుపే పాట బిడ్డకు నిదురను నేర్పును.

ఈ క్రమము ఎంత పవిత్రమైనదిగా మనవారు ఎంచిరనుటకు దేవాలయములే సాక్ష్యము. తిరుమలలో రాత్రి ఏకాంతసేవయందు స్వామిని పవళింపజేయునప్పుడు తాళ్లపాకవారి లాలి పాడుట ఆచారము. అన్నమాచార్యుల కాలము 1408 మొదలు 1503 వరకు. మధుర మీనాక్షి ఆలయమున ప్రతిరాత్రియు సుందరేశ్వరుని పాదుకలను పల్లకిలో నుంచి అమ్మవారి పడకటింటికి చేర్చుదురు. తిరువయ్యారున నివసించిన త్యాగరాజస్వామి (1767–1847) ఉత్సవ సంప్రదాయ కీర్తనలలో శ్రీరామునకు లాలియు, పవళింపుసేవయు తెలుగున పాడెను. జగములనేలు దేవునికైనను నిదురవేళ ఒక పాట, ఒక ఊపు, ఒక వరుస అవసరమని భావించిన జాతి మనది.

ఈ విషయమున ఆలంగుళమునకు మరియొక భాగ్యము గలదు. అదే జిల్లాలోని శ్రీవిల్లిపుత్తూరున పెరియాళ్వారు బాలకృష్ణుని తొట్టెలలో ఊపుచు అరవమున తాలాట్టు పాడెను. ఆ పెరియాళ్వారే విష్ణుచిత్తుడు. ఆయనను, ఆయన కూతురు గోదాదేవిని కథాపాత్రములుగా గొని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదను తెలుగున రచించెను. గోదాదేవి తిరుప్పావై ముప్పది పాటలలో నిదురించు చెలికత్తెలను మేలుకొలుపు ఘట్టము ప్రసిద్ధము. తండ్రి నిదురపుచ్చు పాటయు, కూతురు మేలుకొలుపు పాటయు ఒకే ఇంట పుట్టినవి. వేళకు పండుకొనుట, వేళకు లేచుట ఒకే విద్యకు రెండు ముఖములని ఇంతకంటె చక్కగా చెప్పువారెవరు?

స్త్రీల పాటలలో ఊర్మిళాదేవి నిద్ర యను పాట తెలుగింటి ఆస్తి. లక్ష్మణుడు అడవిలో పదునాలుగేండ్లు కన్ను మూయకుండ అన్నకు కావలి కాచెను. ఆ కాలమంతయు ఊర్మిళ అంతఃపురమున నిదురించెను. తిరిగివచ్చిన భర్తను ఆమె మొదట గుర్తింపక పరపురుషుడని తలచి మందలించును. ఈ కథలో ఒక లోతైన ఎరుక గలదు. మేలుకొన్నవాని నిదుర ఎక్కడనో మరియొకరు మోయవలెను; నిదుర లెక్క తప్పించుకొనుట ఎవరి తరమును గాదు. అప్పు చేసిన నిదురను తీర్చవలసినదే.

ఆయుర్వేదము ఆహారమును, నిదురను, బ్రహ్మచర్యమును దేహమును నిలుపు మూడు ఊతలుగా ఎంచినది. నిదుర పట్టనివారికి నూనె అంటుకొనుట, స్నానము, మనస్సునకు హితమైన మాటలు, మెత్తని పడక చెప్పినది. చరకసంహిత గేదెపాలను నిదుర రానివారికి హితమని పేర్కొన్నది. మన అవ్వలు తలకు నూనె పెట్టి, అరికాళ్లు రుద్ది, గ్లాసెడు పాలు త్రాగించి పండుకొనబెట్టుట ఏదో ముద్దుచేత చేసినది మాత్రము కాదు.

దీపమును, మిల్లు కూతయు

ఇరువదవ శతాబ్దమున ఈ క్రమము మూడు దిక్కులనుండి చెదరినది. మొదటిది విద్యుద్దీపము. 1932లో పైకారా, 1944లో పాపనాశము జలవిద్యుత్కేంద్రములు పనిచేయ నారంభించినవి. విరుదునగరము కన్నబిడ్డయగు కామరాజు ముఖ్యమంత్రిగా నుండిన 1954–1963 సంవత్సరములలో పల్లెలకు విద్యుత్తు విరివిగా చేరినది. బావులకు మోటార్లు వచ్చినవి. చదువుకొను పిల్లలకు వెలుగు వచ్చినది. ఈ మేలు సామాన్యమైనది కాదు. అయితే సందెవేళకే ముగిసెడి పగలు ఆనాటినుండి మన చేతి మీటకు లోబడి సాగినది.

రెండవది మిల్లు. కోవిల్పట్టిలో నూలుమిల్లులు వెలసినవి. కోయంబత్తూరు తెలుగు కుటుంబమువారి లక్ష్మీ మిల్స్ సంస్థయు అందొక మిల్లు నడపినది. అంతవరకు కోడికూతతో లేచినవారు మిల్లు కూతతో లేవనేర్చిరి. 1922 నాటి ఫ్యాక్టరీ చట్టము పెద్దవారి పనిని దినమునకు 11 గంటలకు, వారమునకు 60 గంటలకు పరిమితము చేసినది. 1948 నాటి చట్టము దానిని దినమునకు 9 గంటలు, వారమునకు 48 గంటలుగా నిర్ణయించినది. ఈ అంకెలను కూలి లెక్కలుగా చూచుట వాడుక. ఇవి నిదుర లెక్కలు గూడ. పనిగంటలు తగ్గుటకు పోరాడినవారు మన నిదురకొఱకును పోరాడినవారే.

ఆలంగుళమున సున్నపురాయి ఆధారముగా ప్రభుత్వరంగమున స్థాపితమైన సిమెంటు కర్మాగారము 1970లో పనికి వచ్చినది. 1976లో ఏర్పడిన తమిళనాడు సిమెంట్స్ కార్పొరేషను దానిని చేపట్టినది. సిమెంటు కొలిమి సుమారు 1450 డిగ్రీల వేడిమిలో రాయిని ఉడికించును. దానిని రాత్రికి ఆర్పి తెల్లవారి రాజేయుటకు వీలుపడదు. కావున మనుష్యులు వంతులవారీగా మేలుకొనవలెను. పొలమువాడు సూర్యుని చూచి పండుకొనెను. రాత్రి షిఫ్టు ముగించిన కార్మికుడు సూర్యుడు ఉదయింపగా పండుకొనవలసివచ్చెను. దేహములోని గడియారము వెలుగునకు లోబడి నడచును. దాని సూక్ష్మయంత్రమును కనుగొన్న హాల్, రాస్‌బాష్, యంగ్ అను ముగ్గురకు 2017లో నోబెల్ బహుమానము లభించినది. పగటినిదుర కురుచయై, పలుచనై యుండుటకు ఆ గడియారమే కారణము. కార్మికుని అలసత్వము కాదు. తండ్రి పగలు పండుకొన్నప్పుడు ఇంటిలో తలుపులు మూసి, గొంతులు తగ్గించి, పిల్లలను ప్రక్కింటికి పంపు ఇల్లాండ్రు పూర్వపు కావలివారి పనిని తామే చేపట్టినట్లు మేము భావించుచున్నాము.

మూడవది అగ్గిపెట్టె. 1922లో శివకాశినుండి అయ్య నాడారు, షణ్ముగ నాడారు అను ఇరువురు కలకత్తాకు పోయి అగ్గిపుల్లల పరిశ్రమ మర్మము నేర్చివచ్చి, 1923లో స్వస్థలమున దానిని నెలకొల్పిరి. వానలు తప్పిన ఈ సీమకు అది అన్నము పెట్టినది. సాత్తూరు, కోవిల్పట్టి ప్రాంతములకును అది పాకినది. కాని ఆ అన్నమునకు పసివాండ్రు తమ నిదురను వెలగా చెల్లించిరి. 1970, 1980 దశకములలో తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకే బస్సులు పల్లెపల్లెకు వచ్చి పిల్లలను ఎక్కించుకొని పోయెడివి. సందెకు ఇల్లు చేరిన ఆ పిల్లలు కూటికంచము ముందే కునికిపాట్లు పడెడివారు. వారికి జోల అక్కరలేకపోయినది. 1986లో బాలకార్మిక నిషేధ నియంత్రణ చట్టము వచ్చినది, ఎం.సి. మెహతా వ్యాజ్యమున 1996లో సుప్రీంకోర్టు శివకాశి పిల్లల విషయమై తీర్పు చెప్పినది.

ఇచ్చట పాఠకులు ఒక్కక్షణము ఆగవలెనని మా కోరిక. త్వరగా నిదుర పట్టుట ఎల్లప్పుడును భాగ్యము కాదు. పగటివేళ పండుకొన్న అయిదు నిమిషములలోపలనే నిదుర ముంచుకొనివచ్చుట తీవ్రమైన నిదురలేమికి గుర్తని నేటి వైద్యులు చెప్పుదురు. అగ్గిపెట్టెల పిల్లల నిదుర అలసట తెచ్చిన నిదుర. ఉయ్యాలలోని బిడ్డ నిదుర శిక్షణ తెచ్చిన నిదుర. చూచువారికి రెండును ఒకటే. దేహమునకు ఒకటి కాదు.

నేటి శాస్త్రము చెప్పునది

ఈ శిక్షణను పడమటివారు గత నూరేండ్లలో శాస్త్రముగా కట్టిరి. చికాగో వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ 1929లో, కండరములను ఒక్కొక్కటిగా బిగించి సడలించు పద్ధతిని గ్రంథముగా ప్రకటించెను. మన హఠయోగ ప్రదీపిక శవాసనము అలసటను తొలగించునని అంతకు శతాబ్దముల మునుపే చెప్పియున్నది. అమెరికా క్రీడాశిక్షకుడు బడ్ వింటర్ రెండవ ప్రపంచయుద్ధకాలమున నౌకాదళ వైమానికులకు రెండు నిమిషములలో నిదురించుట నేర్పితినని 1981లో వ్రాసెను. ముఖము, భుజములు, కాళ్లు వరుసగా సడలించి మనస్సును నిశ్చలముగా నుంచుట ఆ పద్ధతి. రెండు నిమిషములను లెక్క ఆయన సొంత మాట. పడక చేరిన పది, ఇరువది నిమిషములలో నిదుర పట్టుట ఆరోగ్యవంతులకు సహజమే.

1972లో రిచర్డ్ బూట్జిన్ చెప్పిన నియమములు ఇంతకంటె మేలైనవి. నిదుర వచ్చినప్పుడే పడక చేరవలెను. పడకను నిదురకే గాని ఇతర వ్యాపకములకు వాడరాదు. కొంతసేపటికి నిదుర రానిచో లేచి వేరుచోట కూర్చుండి, మత్తు వచ్చినప్పుడే తిరిగి పండుకొనవలెను. రాత్రి ఎట్లు గడచినను వేకువ ఒకే వేళకు లేవవలెను. పగటినిదుర మానవలెను. ఇట్టి అభ్యాసములతో గూడిన చికిత్సయే దీర్ఘకాలపు నిదురలేమికి మొదట ఈయదగినదని, మాత్రలు దాని తరువాతివని 2016లో అమెరికా వైద్యుల కళాశాల సిఫారసు చేసినది. వారమునకు మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు నిదుర పట్టనివారు గాని, పెద్ద గురకతో పగలు మత్తుపడువారు గాని వైద్యుని చూడవలెను.

2015లో ఆఫ్రికాలోని హడ్జా, సాన్ జాతులను, బొలీవియాలోని చిమానే జాతిని విద్యుత్తు లేని వారి పల్లెలలోనే పరిశోధకులు పరిశీలించిరి. వారు ప్రొద్దు గ్రుంకగానే పండుకొనుట లేదు. సుమారు మూడు గంటలు గడచిన పిమ్మట, గాలి చల్లబడుచుండగా నిదురించిరి. నిదురలేమితో బాధపడువారు వారిలో బహుస్వల్పము. సాన్, చిమానే భాషలలో ఆ వ్యాధికి పేరే లేదట. ప్రొద్దు గ్రుంకినది మొదలు పక్క చేరువరకుగల ఆ మూడు గంటలు మన ఇండ్లలో ఎట్లు గడచెడివో తలచుకొన్నచో ఈ వ్యాసమునకు మూలమైన విషయము బయటపడును.

పక్కమీది తెలుగు

ఆ వేళ కథలు చెప్పుకొను వేళ. కోవిల్పట్టి దాపున ఇడైసెవల్ గ్రామమున తెలుగు కుటుంబమున పుట్టి, అరవ సాహిత్యమున అగ్రగణ్యుడై, 2021లో దివంగతుడైన కి. రాజనారాయణన్ తన గోపల్ల గ్రామమను నవలలో ఒక ముదుసలి అవ్వచేత తెలుగువారి వలసకథను ఆమె సంతతికి చెప్పించెను. ఆ పరంపరలోని మరియొక నవల గోపల్లపురత్తు మక్కళ్ 1991లో సాహిత్య అకాడమీ బహుమానము పొందినది. ఒక జాతి తాను ఎచ్చటినుండి వచ్చినదో తెలిసికొన్నది శాసనములవలన గాదు. రాత్రివేళ అవ్వ నోటివలన.

మనలో పెక్కుమందికి తెలుగు లిపి రాదు. బడి అరవమున, కొలువు ఆంగ్లమున, అంగడి అరవమున జరుగును. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత బడిలో తెలుగునకు చోటు మరింత ఇరుకైనది. అరవము మనకు అన్నము పెట్టిన భాష. దానియెడ మనకు గౌరవమే గాని వైరము లేదు. పెరియాళ్వారి తాలాట్టు మనకును లాలియే. అయితే తెలుగునకు మిగిలిన గంట ఏది యని విచారించినచో, అది దీపమార్పిన తరువాతి గంటయే. పగలెల్ల అరవమున ఆడిన బిడ్డకు నిదురవేళ తల్లి నోట వినబడు జోజో, లాలి యను మాటలే తెలుగు బడి. ఆ బడికి లిపి అక్కరలేదు, ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు.

ఇప్పుడు ఆ గంటను చేతిలోని ఫోను ఆక్రమించుచున్నది. బిడ్డకు కూడు తినిపించుటకు ఒక చిత్రము, పండుకొనబెట్టుటకు మరియొక చిత్రము. తెరవెలుగు నిదురను వెనుకకు నెట్టును. తెరభాష తెలుగును వెనుకకు నెట్టును. ఒకే దెబ్బకు రెండు పోవుచున్నవి. ఒకే ప్రయత్నముతో రెండింటిని నిలుపుకొనవచ్చుననుటయు అంతే నిజము. పిల్లలకు త్వరగా నిదుర పట్టవలెనని కోరు తల్లిదండ్రులకు వైద్యులు చెప్పు మాట ఇదియే: ప్రతిదినము ఒకే వేళ, మసక వెలుగు, తెరలు లేని గంట, ఒకే వరుసలో సాగు చిన్నచిన్న పనులు, మెల్లని పాట లేక కథ. ఈ జాబితాలో మన అవ్వలు ఎరుగనిది ఏదియు లేదు.

కావున మా మనవి యొక్కటే. ప్రతి కుటుంబమువారును తమ ఇంట పెద్దలు పాడిన జోలను, చెప్పిన కథను, తెలుగు లిపి రానిచో అరవ లిపిలోనైనను వ్రాసి యుంచుకొనవలెను. ముదుసలుల గొంతును పదిలపరచుటకు ఇప్పుడు ఫోనే సాధనముగా నున్నది. నిదురను హరించు వస్తువును నిదుర పాటకు పెట్టెగా మార్చుట మన చేతిలోని పని. వ్రాసినదానిని దాచియుంచుట మాత్రము చాలదు. రాత్రి తొమ్మిది గంటలకు దీపము తగ్గించి, బిడ్డ వీపుపై చేయి వేసి, పాడవలెను. రాగము తప్పినను బిడ్డ తప్పుపట్టదు.

పాళెములు పోయినవి, కోటలు కూలినవి, కావలి హక్కులు గతించినవి. ఆ హక్కులలో ఒకటి మాత్రము మననుండి ఎవరును లాగుకొనలేదు. మన బిడ్డల నిదురకు కావలి కాయు హక్కు నేటికిని మనదే. ఆ కావలి భాష తెలుగు.